లాప్‌-ఇయర్డ్: తెగిన చెవులా, వాలిన చెవులా?

సంక్షిప్తంగా: కుందేళ్లు, మేకలు, కుక్కల వర్ణనలో ఇంగ్లీషువారు వాడే 'లాప్‌-ఇయర్డ్' అనే విశేషణానికి వాలిన చెవులు గలది అని అర్థం. నిఘంటువులో 'లాప్' దగ్గర ముందుగా కనిపించే 'నరుకు, కొమ్మలు కొట్టు' అనే అర్థాన్ని దీనికి అతికిస్తే తెగిన చెవుల జంతువు తయారవుతుంది. ఉచ్చారణ ఒకటే అయినా ఈ రెండు 'లాప్'లు వేర్వేరు మాటలు. ఆ తేడా ఎలా వచ్చింది, తెలుగులో ఈ మాటకు సాటివచ్చేది ఏది, అసలు చెవి ఎందుకు వాలుతుంది అన్నవి ఈ వ్యాసంలోని అంశాలు.

పొరపాటు ఎక్కడ పుడుతుంది

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 విద్యా సంవత్సరం నుంచి ఒకటో తరగతి మొదలు ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మాధ్యమం మొదలైంది. ఒక పుట తెలుగులో, ఎదుటి పుట ఇంగ్లీషులో ఉండే పాఠ్యపుస్తకాలు కూడా అప్పుడే వచ్చాయి. ఒక భాషలో తెలిసిన వస్తువును మరో భాషలో గుర్తుపట్టడం దాంతో పిల్లలకు రోజువారీ పని అయింది. నల్గొండ, మహబూబ్‌నగర్ గ్రంథాలయాల్లో పోటీపరీక్షలకు చదివే అభ్యర్థులకు ఇంగ్లీషు పదజాలం ఎలాగూ తప్పదు. తెలియని మాట ఎదురైతే దాన్ని ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకు నిఘంటువులో అర్థం వెతికి, వచ్చిన రెండింటినీ కలుపుకోవడం వీరిలో చాలామందికి అలవాటైన పద్ధతి. అనేక మాటల విషయంలో అది పనిచేస్తుంది. 'లాప్‌-ఇయర్డ్' దగ్గర మాత్రం నేరుగా తప్పులోకి దింపుతుంది.

ఆ తప్పు వెంటనే బయటపడకపోవడానికి ఈ ప్రాంతంలోనే ఒక కారణం ఉంది. దక్షిణ తెలంగాణలో గొర్రెల మందలు తోలే గొల్ల, కురుమ కుటుంబాలు జీవాలు పక్క మందలో కలిసిపోతే గుర్తుపట్టడానికి చెవి అంచును కొద్దిగా కోసి గుర్తు పెట్టుకోవడం పాత వాడుక. పశువులకు, బర్రెలకు ఇప్పుడు 12 అంకెల సంఖ్య ఉన్న చెవి ట్యాగులు వేస్తున్నారు గానీ, కోతగుర్తు ఉన్న గొర్రె చెవి ఇక్కడి పిల్లలకు వింతేమీ కాదు. కాబట్టి 'లాప్‌-ఇయర్డ్ షీప్' అన్న మాటకు 'చెవి కోసిన గొర్రె' అని అర్థం చెప్పుకుంటే అది నమ్మదగినట్టే ఉంటుంది. అసంబద్ధంగా తోచే తప్పును ఎవరైనా మళ్లీ సరిచూసుకుంటారు. లోకానుభవంతో సరిపోయే తప్పు మాత్రం ప్రశ్న లేకుండా మనసులో స్థిరపడిపోతుంది.

రెండు 'లాప్'లు, రెండు పుట్టుకలు

మొదటి 'లాప్' చెట్లకు సంబంధించినది. మధ్యకాలపు ఇంగ్లీషులో చెట్టు నుంచి కొట్టివేసిన చిన్న కొమ్మలను, రెమ్మలను ఆ మాటతో పిలిచేవారు. ఆ నామవాచకం నుంచి కొమ్మలు కొట్టడం అనే క్రియ వచ్చింది. తర్వాత ఏ వస్తువు నుంచైనా ఒక భాగాన్ని ఒక్క వేటుతో తొలగించడానికి దాన్ని వాడడం మొదలైంది. ఇప్పటి ఇంగ్లీషులో ఎక్కువగా వినిపించేది, నిఘంటువులు ముందుగా చూపించేది ఇదే.

రెండో 'లాప్' 16వ శతాబ్ది చివరి భాగంలో కనిపిస్తుంది. దాని అర్థం బిగువు లేకుండా వేలాడటం, కిందికి జారి ఉండటం. దీని మూలం పూర్తిగా తేలలేదు గానీ, ఎక్కువమంది పండితులు దీన్ని 'లాబ్' అనే మాటకు గానీ 'ల్యాప్' అనే మాటకు గానీ రూపాంతరంగా భావిస్తారు. 'ల్యాప్'కు పాత అర్థం వస్త్రపు వేలాడే అంచు, చెంగు. ఒడి అనే ఇప్పటి అర్థం ఆ అంచు నుంచే ఏర్పడింది. 'లాబ్'లో బరువుగా, మందకొడిగా కిందికి వాలడం అనే భావం ఉంది. షేక్‌స్పియర్ తన 'ఐదో హెన్రీ' నాటకంలో అలసి సొలసిన గుర్రాలు తలలు వాల్చేసిన దృశ్యానికి ఈ 'లాబ్' క్రియనే వాడాడు. గుర్రం తల వాలడానికి ఆ మాట సరిపోయిన కాలంలోనే జంతువు చెవి వాలడానికి దాని చుట్టపు మాట అమరడంలో ఆశ్చర్యం లేదు. 'లాప్‌-ఇయర్డ్' అనే సమాసం 17వ శతాబ్ది చివర రాతల్లోకి వచ్చింది. ఒక పక్కకు ఒరిగినది అనే అర్థంలో ఇప్పుడు అందరూ వాడే 'లాప్‌సైడెడ్' 18వ శతాబ్దిలో, మొదట ఓడల విషయంలో, ఈ వాలుడు అర్థం నుంచే పుట్టింది. సరుకు బరువుకు ఒక పక్కకు ఒరిగిన ఓడను అలా అనేవారు. 'లాప్‌సైడెడ్' తెలిసిన పాఠకుడికి 'లాప్‌-ఇయర్డ్' అర్థం కావడానికి నిఘంటువు కూడా అక్కర లేదు. అక్కడ ఒరిగింది ఓడ పక్క, ఇక్కడ వాలింది చెవి. రెండు చోట్లా కత్తి ప్రసక్తి లేదు.

'ఇయర్డ్'లోని చివరి ముక్క

అపార్థానికి రెండో కారణం వ్యాకరణంలో ఉంది. 'ఇయర్డ్' చివరి ధ్వని ఇంగ్లీషు భూతకాల క్రియల చివర వచ్చే ధ్వని లాంటిదే. అందువల్ల చెవికి ఏదో 'చేయబడింది' అన్న భావన కలుగుతుంది. నిజానికి ఇది క్రియా ప్రత్యయం కాదు. నామవాచకానికి చేరి 'అది కలది' అనే అర్థాన్నిచ్చే వేరే ప్రత్యయం. పాత ఇంగ్లీషులో రెండింటికీ రూపభేదం ఉండేది. కాలక్రమంలో అచ్చులు అరిగిపోయి ఇప్పుడు ఒకే తీరుగా వినిపిస్తున్నాయి. 'బ్లూ-ఐడ్' అంటే కళ్లకు నీలం పూశారని ఎవరూ అనుకోరు. నీలి కళ్లు కలవారని అర్థం చేసుకుంటారు. 'లాప్‌-ఇయర్డ్' నిర్మాణం కూడా అదే.

ఇది తెలుగు విద్యార్థికి కొత్త కాదు. బహువ్రీహి సమాసానికి విగ్రహవాక్యం చెప్పేటప్పుడు చివర 'గలవాడు', 'గలది' అని చేర్చడం బడిలో నేర్పే సూత్రమే. చక్రం పాణియందు గలవాడు చక్రపాణి అయినట్టే, వాలిన చెవులు గలది 'లాప్‌-ఇయర్డ్' అవుతుంది. తెలుగు సమాసాల పాఠం బాగా తెలిసిన విద్యార్థి ఇంగ్లీషులోని ఈ రకం విశేషణాల మొత్తాన్ని ఒక్క సూత్రంతో పట్టుకోగలడు. ఇంగ్లీషు వ్యాకరణం బోధించేటప్పుడు ఈ పోలికను పక్కన పెట్టడం వల్ల, చేతిలో ఉన్న తాళంచెవిని వదిలి గొళ్లెం పగలగొట్టినట్టవుతోంది.

'ఇయర్' అనే మాట విషయంలో ఒక చిన్న హెచ్చరిక చాలు. చెవి అనే అర్థంలోని 'ఇయర్' లాటిన్ 'ఆరిస్', గోతిక్ 'అవుసో' వంటి రూపాలతో ఒకే కుటుంబానికి చెందిన అతి ప్రాచీన పదం. మొక్కజొన్న కంకిని సూచించే 'ఇయర్' మొదట దానితో సంబంధం లేని వేరే మాట. మొన తేలిన వస్తువును చెప్పే ధాతువు నుంచి అది వచ్చింది. పాలమూరు మక్కచేన్ల గురించి ఇంగ్లీషులో రాసినప్పుడు కనిపించే 'ఇయర్'కు చెవితో పని లేదు.

లంబకర్ణం దగ్గర ఇలాంటి చిక్కే

'లాప్‌-ఇయర్డ్'కు సంస్కృతంలో సాటిగా తోచే మాట 'లంబకర్ణ'. నిఘంటువులు మేకకు, ఏనుగుకు, కుందేలుకు ఈ పేరు చెబుతాయి. 'లంబ' అంటే వేలాడేది. అయితే తెలుగు మాధ్యమంలో గణితం చదివిన వారికి 'లంబం' అనగానే నిటారుగా నిలిచిన గీత గుర్తుకొస్తుంది. అలా చూస్తే లంబకర్ణం నిక్కబొడుచుకున్న చెవుల జంతువు కావాలి. రెండు అర్థాలకూ మూలం ఒకటే. మేస్త్రీ దారానికి గుండు కట్టి వేలాడదీస్తే అది నేలకు సరిగ్గా నిటారుగా నిలుస్తుంది. వేలాడటం నుంచే నిలువు పుట్టింది. విశేషమేమంటే, అదే పాఠంలో 'కర్ణం' కూడా ఉంది. లంబకోణ త్రిభుజంలో లంబకోణానికి ఎదురుగా ఉండే భుజం పేరు కర్ణం. లంబం, కర్ణం రెండూ గణితంలోనే తారసపడిన విద్యార్థి 'లంబకర్ణుడు' అన్న మాటలో చెవిని చూడకపోతే అతని తప్పు లేదు.

సంస్కృతంలోనూ ఈ మాట పూర్తిగా ఒకే వస్తువుకు కట్టుబడి లేదు. పంచతంత్రంలో సింహం, నక్క కలిసి మోసగించే గాడిద పేరు లంబకర్ణుడు. గాడిద చెవులు పొడవైనవే గానీ వాలినవి కావు, నిలిచి ఉంటాయి. అంటే అక్కడ 'లంబ' వేలాడటం నుంచి పొడవు వైపు జరిగింది. ఆ కథ చివర సింహం స్నానానికి వెళ్లిన సమయంలో నక్క ఆ గాడిద చెవులనూ గుండెనూ తినేస్తుంది. అవి ఉండి ఉంటే అది మళ్లీ ఇక్కడికి వచ్చేదా అని సింహాన్ని ఒప్పిస్తుంది. చెవుల వల్లే పేరు పొందిన జంతువుకు చివరికి చెవులే లేకుండా పోవడం కథకుడు తెలిసి కూర్చినదే అనిపిస్తుంది.

కాబట్టి లంబకర్ణ అనేది 'లాప్‌-ఇయర్డ్'కు దగ్గరి మాటే గానీ సరిసమానం కాదు. ఇంగ్లీషు మాట చెవి నిలిచిన తీరును మాత్రమే చెబుతుంది. చెవి పొట్టిదైనా వాలితే చాలు. సంస్కృత మాటలో పొడవు కూడా కలిసి ఉంది. వినాయకుడికి చెప్పే 'శూర్పకర్ణ' మరో దారి. అది చెవి వెడల్పును చాటతో పోలుస్తుంది. తెలుగులో చాటంత చెవులు అనడం, దొప్పచెవులు అనడం ఆ దారివే. 'లంబ', 'లాప్' ధ్వనిలో దగ్గరగా ఉన్నాయి కదా, రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయేమో అనిపించడం సహజమే. కానీ ధ్వని పోలిక ఒక్కటే చుట్టరికాన్ని రుజువు చేయదు. చుట్టరికం తేలాలంటే మార్పులు క్రమబద్ధంగా, అనేక మాటల్లో కనబడాలి. కన్నడంలోని 'కివి', తెలుగులోని 'చెవి' వినడానికి అంత దగ్గరగా లేకపోయినా ఒకే మాట అని చెప్పగలగడానికి అలాంటి క్రమమే ఆధారం. ఇ, ఎ వంటి అచ్చుల ముందు పాత ద్రావిడ కకారం తెలుగులో చకారంగా మారింది, కన్నడంలో నిలిచిపోయింది. కన్నడ 'కెయ్' తెలుగులో 'చెయ్' కావడం కూడా ఆ మార్పే.

చెవి ఎందుకు వాలుతుంది

ఈ విశేషణాన్ని దాదాపు ఎప్పుడూ పెంపుడు జంతువులకే వాడటం యాదృచ్ఛికం కాదు. అడవిలోని తోడేలు, నక్క, కుందేలు, అడవిపంది చెవులు నిలిచే ఉంటాయి. ఏనుగు వంటి మినహాయింపులు అరుదు. నల్లమల అంచు పల్లెల్లో కనిపించే చెవులపిల్లి, అంటే అడవి కుందేలు, చెవులు నిక్కించి నాలుగు దిక్కులా తిప్పుతూ చప్పుడు ఎటునుంచి వస్తోందో పసిగడుతుంది. ఇంగ్లీషు పుస్తకాల బొమ్మల్లోని వాలుచెవుల కుందేలు దీని పెంపుడు రూపం కూడా కాదు. అది యూరప్ నైరుతి భాగపు వేరే జాతి నుంచి మనుషులు ఎంపిక చేసి పెంచినది. తెలుగులో రెండింటికీ కుందేలు అనే పేరే ఉండటం వల్ల ఈ తేడా మరుగున పడుతోంది.

1859లో వెలువడిన 'జాతుల పుట్టుక'లో చార్లెస్ డార్విన్ ఈ విషయాన్ని ప్రత్యేకంగా గమనించాడు. ఏదో ఒక దేశంలోనైనా వాలిన చెవులు లేని పెంపుడు జంతువు ఒక్కటీ లేదని రాశాడు. ఆపద భయం తగ్గి, చెవి కండరాలకు పని లేకుండా పోవడమే దీనికి కారణమన్న అభిప్రాయం సంభవమేనని అన్నాడు. ఒక జీవి తన బతుకులో వాడని కండరం బలహీనపడితే ఆ బలహీనత పిల్లలకు సంక్రమిస్తుందన్న వివరణను నేటి జన్యుశాస్త్రం ఒప్పుకోదు. కానీ ఆయన గుర్తించిన వాస్తవం మాత్రం నిలిచింది.

సైబీరియాలోని నోవోసిబిర్స్క్‌లో 1959లో ద్మిత్రీ బెల్యాయెవ్ మొదలుపెట్టిన నక్కల ప్రయోగం ఈ చర్చను మలుపు తిప్పింది. మనిషిని చూసి బెదరని, కరవని నక్కలను మాత్రమే తరతరాలుగా ఎంపిక చేస్తూ పోగా కొన్నిట్లో మచ్చల బొచ్చు, చుట్టుకున్న తోక, ఎదిగిన తర్వాత కూడా వాలే ఉన్న చెవులు కనిపించాయి. నక్క పిల్లల చెవులు మొదట వాలే ఉంటాయి, ఎదిగేకొద్దీ నిలుస్తాయి. ఈ నక్కల్లో ఆ నిలవడం ఆలస్యమైంది, కొన్నిట్లో జరగనే లేదు. 2014లో విల్కిన్స్, రాంగమ్, ఫిచ్ అనే శాస్త్రవేత్తలు ఒక పరికల్పన ప్రతిపాదించారు. పిండదశలో వెన్ను భాగం నుంచి శరీరమంతా వలస వెళ్లే ఒక రకం కణాలు చెవి మృదులాస్థికి, చర్మపు రంగుకు, బెదురును నడిపే అడ్రినల్ గ్రంథి భాగానికి మూలం. బెదురు తక్కువ జంతువులను ఎంచుకున్నప్పుడు తెలియకుండానే ఆ కణాల వలస మందగించిన జంతువులను ఎంచుకున్నట్టవుతుందని, చెవి మెత్తబడటం దాని పక్క ఫలితమని వారి వాదన. ఆ నక్కల పూర్వీకులు కెనడా బొచ్చు క్షేత్రాల నుంచి వచ్చినవని, ఈ లక్షణాల్లో కొన్ని అప్పటికే వాటిలో ఉన్నాయని తర్వాతి పరిశోధకులు అభ్యంతరం చెప్పారు. వాదం ఇంకా ముగియలేదు. అయితే కుక్కల్లో చెవి వాలడానికి సంబంధించినదిగా తేలిన ఎంఎస్‌ఆర్‌బి3 జన్యు ప్రాంతమే గొర్రె చెవి పరిమాణంలోనూ పాత్ర వహించడం చూస్తే, పెంపకందారులు నేరుగా చెవి కోసమే చేసిన ఎంపికకు కూడా పెద్ద పాత్ర ఉందనడం సబబు.

ఈ ప్రాంతపు మందల్లో దీనికి ఉదాహరణలు కళ్లెదుటే ఉన్నాయి. నెల్లూరు జాతి గొర్రెలు తెల్లనివైనా, ముఖం మీద నల్లమచ్చల జోడిపి రకమైనా, గోధుమరంగు దొర రకమైనా, వాటి చెవులు పొడవుగా వాలి ఉంటాయి. గొంగళ్లకు ఉన్ని ఇచ్చే నల్ల దక్కనీ గొర్రెలకు చెవులు అంత పొడవు కావు గానీ అవీ వాలినవే. ఉత్తరాది జమునాపారి మేకలదైతే మరో స్థాయి. చెవులు ఆకుమడతలా దవడ కిందికి దిగుతాయి. ఇంగ్లీషు పశువైద్య గ్రంథాల్లో ఈ జంతువులన్నిటికీ 'లాప్‌-ఇయర్డ్' గానీ, దాని సాటి మాట 'పెండ్యులస్' గానీ కనబడుతుంది.

వాలిన చెవికి ఒక ఖర్చు ఉంది. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో 15 వాలుచెవుల కుందేళ్లను 15 నిక్కచెవుల కుందేళ్లతో పోల్చారు. వాలిన చెవుల్లో నాళం ఇరుకుగా ఉండటం, గులిమి పేరుకోవడం, నొప్పి సూచనలు ఎక్కువగా కనిపించాయి. పట్టణాల్లో ముద్దుకోసం ఇలాంటి కుందేళ్లను కొనేవారు తెలుసుకోవలసిన సంగతి ఇది.

నిక్కిన చెవి, క్రాపు చెవి

వాలిన చెవికి ఎదురుమాట 'ప్రిక్‌-ఇయర్డ్', నిక్కిన చెవులు కలది. దీనికి తెలుగు సాటి వెతకనక్కర లేదు. శ్రద్ధగా వినడాన్ని చెప్పే 'చెవులు రిక్కించడం' అనే జాతీయం రెండు భాషల్లోనూ ఒకే దృశ్యం మీద నిలిచింది.

తెగిన చెవికి ఇంగ్లీషులో వేరే మాటే ఉంది, 'క్రాప్‌-ఇయర్డ్'. దాని వెనక రక్తసిక్త చరిత్ర ఉంది. రాజు మొదటి చార్లెస్ పాలనలో విలియం ప్రిన్ అనే న్యాయవాదికి రాణిని నిందించాడన్న ఆరోపణ మీద 1634లో చెవులు కోసే శిక్ష పడింది. 1637లో మిగిలిన మొండి భాగాన్ని కూడా కోశారు. ఆ ఏడు అతనితో పాటు మరో ఇద్దరు, బాస్ట్‌విక్, బర్టన్ కూడా చెవులు పోగొట్టుకున్నారు. 1642లో అంతర్యుద్ధం మొదలయ్యాక రాజపక్షంవారు పార్లమెంటు పక్షపు ప్యూరిటన్లను 'క్రాప్‌-ఇయర్డ్' అని, 'ప్రిక్‌-ఇయర్డ్' అని ఎగతాళి చేసేవారు. ఇందులో చెవుల శిక్ష కంటే జుట్టు పాత్రే ఎక్కువ. రాజపక్షంవారు జుట్టు భుజాల దాకా వదిలేవారు. ప్యూరిటన్లలో పలువురు పొట్టిగా కత్తిరించుకోవడం వల్ల చెవులు బయటికి పొడుచుకొచ్చినట్టు కనిపించేవి. ఆ కత్తిరింపును చెప్పే మాటే తెలుగులో 'క్రాపు'గా స్థిరపడింది. క్రాపు తెలిసినవారికి 'క్రాప్‌-ఇయర్డ్' మరచిపోయే అవకాశం లేదు. దాన్ని పట్టుకుంటే 'లాప్‌-ఇయర్డ్' దానికి భిన్నమైనదన్నదీ నిలుస్తుంది.

మనిషి విషయంలో

వైద్యంలో 'లాప్ ఇయర్' అనేది ఒక నిర్దిష్టమైన జన్మలక్షణం పేరు. చెవి పైభాగం ముందుకు, కిందికి మడతపడి ఉంటుంది. తల్లి నుంచి వచ్చిన ఈస్ట్రోజెన్ ప్రభావం వల్ల పుట్టిన బిడ్డ చెవి మృదులాస్థి తొలి వారాల్లో మెత్తగా ఉంటుంది. ఆ వ్యవధిలో వైద్యులు అచ్చులాంటి సాధనం అమర్చి చెవిని సరైన రూపానికి తేగలరు. ఆలస్యమైతే మృదులాస్థి గట్టిపడి, తర్వాత శస్త్రచికిత్సే మార్గం అవుతుంది. అందువల్ల ఆసుపత్రి కాగితాల్లో ఈ మాట కనిపించినప్పుడు దాన్ని 'తెగిన చెవి' అని చదువుకోవడం అనవసరమైన భయాన్ని తెస్తుంది. పట్టించుకోకుండా వదిలేయడం అవకాశాన్ని పోగొడుతుంది.

కొలనుపాక జైన ప్రతిమల్లోనూ, బుద్ధుడి విగ్రహాల్లోనూ కనిపించే పొడవాటి చెవులు దీనికి సంబంధించినవి కావు. అక్కడ సాగింది తమ్మె మాత్రమే, చెవి వాలలేదు.

తెలుగులో ఏమనాలి

అనువాదకులు తరచుగా 'వేలాడే చెవుల' అని రాస్తారు. జమునాపారి మేకకు అది సరిగ్గా సరిపోతుంది. చెవి కొద్దిగా మాత్రమే ఒరిగిన కుక్కకు అది ఎక్కువవుతుంది. 'వాలుచెవుల' అనే మాట అన్ని స్థాయిలకూ నిలుస్తుంది. వాలుజడ, వాలుకుర్చీ వంటి మాటల్లో ఆ 'వాలు' ఇప్పటికే తెలుగువారి నోట నలిగిన ముక్క కాబట్టి కొత్తగా అర్థం చెప్పవలసిన పని కూడా ఉండదు. పేర్ల చివర 'గల' చేర్చి 'వాలుచెవులు గల' అంటే ఇంగ్లీషు ప్రత్యయం కూడా అందులో ఇమిడిపోతుంది. ఒక చెవి నిలిచి, ఒక చెవి వాలిన కుందేలుకు ఇంగ్లీషులో 'హాఫ్-లాప్' అనే పేరు ఉంది. అలా ఒకే చెవి వాలినప్పుడు ఆ బరువు వల్ల పుర్రె ఎముకలు రెండు పక్కలా సమానంగా ఉండవని డార్విన్ 1868లో వెలువరించిన పెంపుడు జీవుల గ్రంథంలో నమోదు చేశాడు. దానికి తెలుగులో 'ఒంటివాలు చెవుల కుందేలు' అనవచ్చు.